ఆరు పెన్నీల గేటు: ఇంగ్లండ్ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల టికెట్టు కథ

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 1888లో 12 క్లబ్బులతో మొదలైంది. రెండేళ్లకు, 1890లో, ఒక నిబంధన వచ్చింది: లీగ్ మ్యాచ్‌కు పెద్దవాళ్ల టికెట్టు ఆరు పెన్నీలకు తగ్గకూడదు. అప్పటి లెక్కలో పెన్నీలు పన్నెండయితే షిల్లింగు, షిల్లింగులు ఇరవయ్యయితే పౌండు. పనితనం ఉన్న కార్మికుడికి వారానికి ముప్పై, నలభై షిల్లింగులు ముట్టేవి. మామూలు కూలికి ఇరవై అటూ ఇటూ. వాళ్ల సంపాదనలో ఆరు పెన్నీలు పెద్ద మొత్తం కాదు, అలాగని లెక్కచేయకుండా ఇచ్చేసేదీ కాదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చిన్న ఊళ్ల క్లబ్బుల బతుకు ఈ కనీస ధర చుట్టూనే తిరిగింది.

గేటు దగ్గర డబ్బు తీసుకునే అలవాటు అప్పటికి పాతికేళ్లది కూడా కాదు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే పని ఆపించింది. వారం కూలి చేతిలో ఉన్న రోజున సగం పూట ఖాళీ దొరికింది. లాంకషైర్ మిల్లు ఊళ్లలో ఆ ఖాళీని ఫుట్‌బాల్ ఆక్రమించింది. మొదట్లో మైదానం చుట్టూ తాడు కట్టి ఆడేవారు, చూసినవాళ్ల దగ్గర ఎంతో కొంత వసూలు చేసేవారు. తర్వాత చెక్క కంచెలు, వాటికి గేట్లు వచ్చాయి. 1883లో నేతపనివాళ్లు, ఫౌండ్రీ కార్మికులు ఉన్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు, ధనికుల బడి పూర్వ విద్యార్థులైన ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించి ఎఫ్.ఏ. కప్పు ఎత్తుకుపోయింది. ఈ గెలుపు వెనుక గేటు డబ్బు, ఊరి ఫౌండ్రీ యజమాని సాయం రెండూ ఉన్నాయి. 1885లో ఆటగాళ్లకు జీతం ఇవ్వడాన్ని ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకుంది. జీతాలంటే ప్రతివారం ఖర్చు, ఆ ఖర్చుకు ప్రతివారం గేటు కావాలి. అదే ఊళ్లోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌తో పోటీపడి గేటు తెచ్చుకోలేక ఒలింపిక్ 1889లో మూతపడింది. కప్పు గెలిచి అప్పటికి ఆరేళ్లే.

కనీస ధర ఎందుకు పెట్టారో ఈ నేపథ్యంలోనే తెలుస్తుంది. పన్నెండు వ్యవస్థాపక క్లబ్బుల్లో ఆరు లాంకషైర్‌వే. బ్లాక్‌బర్న్, అక్రింగ్టన్, బర్న్‌లీ ఒకే వరసలో, పది కిలోమీటర్ల అటూ ఇటూ దూరంలో ఉంటాయి. ఒకరు టికెట్టు నాలుగు పెన్నీలు చేస్తే పక్కవాడు మూడు చేస్తాడు, చివరికి ఎవరికీ జీతాలకు డబ్బు మిగలదు. అందుకని ఇంతకన్నా తగ్గొద్దని అందరూ ఒక మాట అనుకున్నారు. పిల్లలకు సాధారణంగా సగం ధర. ఆడవాళ్లను తొలిరోజుల్లో చాలాచోట్ల ఉచితంగా రానిచ్చేవారు. 1885లో ప్రెస్టన్‌లో ఒక్క మ్యాచ్‌కే దాదాపు రెండు వేలమంది స్త్రీలు వచ్చారని చెబుతారు. క్లబ్బు బెంబేలెత్తి ఆ సదుపాయం ఎత్తేసింది, మిగతావీ అదే దారి పట్టాయి. ఆడవాళ్లకు ఆటంటే ఏం ఆసక్తి అనుకున్న కమిటీలకు జవాబు గేటు దగ్గరే దొరికింది.

డబ్బు చేతులు మారే చోటు గురించి కొంచెం చెప్పాలి. ఇటుకల గోడలో మనిషి ఒంటిభుజంతో పట్టేటంత సందు, అందులో ఇనుప తిరుగుడు గేటు, పక్కన చీకటి గూట్లో వసూలుదారు. చిల్లర పలక మీద పడగానే అతను కాలితో మీట నొక్కుతాడు, గేటు ఒక్క మనిషికి సరిపడా తిరుగుతుంది, లోపల లెక్కల యంత్రంలో ఒక అంకె పెరుగుతుంది. సాల్ఫర్డ్‌లోని ఎల్లిసన్ కంపెనీ తయారుచేసిన ఈ గేట్లు దేశంలోని చాలా మైదానాల్లో కనిపించేవి. అంకెకూ డబ్బుకూ లెక్క కుదరాలి, అందుకే వసూలుదారు చేతివాటం చూపించాలంటే గేటు తిరగకుండా మనిషిని లోపలికి పంపాలి. తండ్రులు పిల్లల్ని గేటు మీదుగా ఎత్తి అవతల దించేవారు, వసూలుదారు అటు చూసేవాడు కాదు. లోపల మెట్లమీద కిక్కిరిసిన జనం ఆ పిల్లల్ని తలల మీదుగా చేతులు మారుస్తూ ముందువరుసకు దాటించేవారు. ఆట ముగియడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉండగా, జనం బయటికి వెళ్లేందుకు పెద్ద గేట్లు తెరిచేవారు. డబ్బు లేనివాళ్లు అప్పుడు లోపలికి దూరేవారు. 1930ల మాంద్యంలో పని పోయినవాళ్లకు శనివారం ఫుట్‌బాల్ అంటే ఆ చివరి ఇరవై నిమిషాలే.

మెట్లమీద నిలబడి చూసే ఈ చోటు మన సినిమా హాల్లో నేల టికెట్టు లాంటిది. గోల హెచ్చు, ధర తక్కువ, హాలు నిలబడేదీ దానిమీదే. కుర్చీల స్టాండ్ ఎక్కువ క్లబ్బుల్లో ఒక్కటే ఉండేది, ఊరి పెద్దలు, డైరెక్టర్లు అక్కడ కూర్చునేవారు. ఆ డైరెక్టర్లకు జీతం ఉండేది కాదు, వాటాదారులకు ఇచ్చే లాభానికీ ఫుట్‌బాల్ సంఘం హద్దు పెట్టింది: మొదట 5 శాతం, 1920 నుంచి 7.5 శాతం. కాబట్టి టికెట్టు ధర పెరిగినా ఒకరి జేబులోకి పెద్దగా పోయేది కాదు. ఆటగాడి జీతానికీ 1901లో వారానికి 4 పౌండ్ల గరిష్ఠం నిర్ణయించారు. ధర కింద ఒక హద్దు, జీతం పైన ఒక హద్దు: చిన్న క్లబ్బు ఈ రెండింటి మధ్య ఊపిరి పీల్చుకుంది.

మూడో ఆసరా గేటు పంపకం. 1888లో అతిథి జట్టుకు ఒక నిర్ణీత మొత్తం ఇస్తే చాలనుకున్నారు. 1919 నుంచి గేటు వసూళ్లలో 20 శాతం అతిథి జట్టుకు వెళ్లేది. చిన్న ఊరి జట్టు పెద్ద నగరానికి ఆడటానికి వెళ్తే ఆ నగర ప్రేక్షకుడి టికెట్టులో తన వాటా తెచ్చుకునేది. దీనికి తోడు రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రతి గేటు నుంచి 4 శాతం తీసి అన్ని క్లబ్బులకూ సమానంగా పంచారు. ఇంతటి సహకార పద్ధతిని నడిపినవాళ్లు మిల్లు యజమానులు, సారా వ్యాపారులు. వాళ్ల సొంత వ్యాపారాల్లో ఇలాంటి పంపకం కలలో కూడా ఊహించరు.

ఈలోగా కనీస ధర పెరుగుతూనే ఉంది. 1916లో యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం వినోదపు పన్ను వేసింది, యుద్ధం ముగిశాక టికెట్టు షిల్లింగుకు చేరింది. ఆ పన్ను ఆటల మీద నుంచి పోవడానికి 1957 దాకా పట్టింది. మెట్లు బాగుచేయడానికి, పైకప్పు వేయడానికి డబ్బు లేని చోట అభిమానుల సంఘాలు చందాలు పట్టాయి, లాటరీలు నడిపాయి. 1927లో ఈ సంఘాలన్నీ కలిసి జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. సాయం చేయడమే తప్ప అడ్డు రాకూడదన్నది దాని నినాదం. టికెట్టు కొని, పైన చందా ఇచ్చి, టికెట్టు ధర ఎంతుండాలో అడగకుండా ఉండటం ఆ రోజుల మర్యాద.

1948–49 సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లను 4 కోట్ల 12 లక్షలమంది చూశారు. ఆ సంఖ్య మళ్లీ రాలేదు. 1950ల్లో టీవీలు, కార్లు, శనివారపు ఇతర వ్యాపకాలు వచ్చాయి, గేటు మొదట పలచబడింది చిన్న ఊళ్లలోనే. ఇక్కడే కనీస ధర ఎదురు తిరిగింది. 1960లో అది రెండున్నర షిల్లింగులు. అదే సంవత్సరం బర్న్‌లీ ఇంగ్లండ్ చాంపియన్, బ్లాక్‌బర్న్ కప్పు ఫైనలిస్టు. ఆ రెండింటి మధ్య ఊరు అక్రింగ్టన్, దాని జట్టు అక్రింగ్టన్ స్టాన్లీ మూడో, నాలుగో డివిజన్లలో కొట్టుమిట్టాడుతోంది. ఇక్కడ ఇచ్చే రెండున్నర షిల్లింగులతోనే బస్సెక్కి వెళ్తే చాంపియన్ జట్టును చూడొచ్చు. చిన్న క్లబ్బులను ధరల పోటీ నుంచి కాపాడటానికి కట్టిన గట్టు, వాళ్లు ధర తగ్గించి జనాన్ని పిలుచుకోవడానికి వీల్లేకుండా అడ్డం పడింది. 1961 జనవరిలో జీతాల గరిష్ఠం రద్దయింది. ఫుల్హమ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. మరుసటి సంవత్సరం మార్చిలో, సీజన్ ముగియకముందే, అక్రింగ్టన్ స్టాన్లీ అప్పులతో లీగ్ నుంచి తప్పుకుంది. 1968లో కొత్తగా పుట్టి, లీగ్‌లోకి తిరిగి రావడానికి 2006 దాకా ఆగింది.

ఆ తర్వాతి పాతికేళ్లలో ఆసరాలు ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. 1960ల మధ్యలో మ్యాచ్‌ల ప్రసారానికి బీబీసీ ఇచ్చిన 5,000 పౌండ్లను లీగ్‌లోని 92 క్లబ్బులకూ సమంగా పంచితే ఒక్కోదానికి సుమారు 50 వచ్చాయి. మొత్తం చిన్నదే, సూత్రం మాత్రం పాతదే. 1983లో పెద్ద క్లబ్బుల ఒత్తిడితో గేటు పంపకం ఆగిపోయి, ఎవరి వసూళ్లు వాళ్లకే అయ్యాయి. ఆ ఏడాదే టాటెన్‌హమ్ షేర్ మార్కెట్‌కు వెళ్లింది, మాతృసంస్థ పేరుతో లాభాల హద్దును దాటేసింది. 1986 ఒప్పందంలో టీవీ డబ్బులో సగం మొదటి డివిజన్‌కు పోయింది, 4 శాతం లెవీ 3 అయింది. 1985–86లో మొత్తం ప్రేక్షకులు కోటీ 65 లక్షలు.

తక్కువ గేటు ఎంత ప్రమాదమో బ్రాడ్‌ఫర్డ్ చూపించింది. 1985 మే 11న వ్యాలీ పరేడ్ మైదానంలో మూడో డివిజన్ గెలుపు సంబరం జరుగుతుండగా పాత చెక్క స్టాండ్ నిమిషాల్లో తగలబడి 56 మంది చనిపోయారు. 1975 నాటి మైదానాల భద్రతా చట్టం కింది డివిజన్లకు వర్తించలేదు, పై డివిజన్‌కు చేరితేనే మరమ్మతు తప్పనిసరి. కొత్త పైకప్పుకు తెచ్చిన ఉక్కు మైదానం దగ్గరే పడి ఉంది. నాలుగేళ్లకు హిల్స్‌బరో మైదానంలో, నిలబడి చూసే చోట జరిగిన తొక్కిసలాటలో 97 మంది బలయ్యారు. దానిపై 1990 జనవరిలో వచ్చిన జస్టిస్ టేలర్ విచారణ నివేదిక అందరికీ కుర్చీలు వేయమంది. కుర్చీలు వచ్చినంత మాత్రాన ధర పెరగనక్కర్లేదని చెబుతూ గ్లాస్గో ఐబ్రాక్స్‌లో కుర్చీ 6 పౌండ్లు, నిలబడితే 4 అన్న ఉదాహరణ కూడా ఇచ్చింది. నివేదికలో కుర్చీల భాగం అమలైంది, ధరల భాగం కాగితం మీదే ఉండిపోయింది. కింది రెండు డివిజన్లకు 1992లో మినహాయింపు దొరికి మెట్లు మిగిలాయి. అదే సంవత్సరం పైవాళ్లు ప్రీమియర్ లీగ్‌గా విడిపోయారు.

విడిపోయాక విచిత్రం ఒకటి జరిగింది. పైస్థాయి క్లబ్బుకు టీవీ డబ్బే ప్రధానం, టికెట్టు పక్క ఆదాయం. కింది క్లబ్బుకు టికెట్టే తిండి. 2002లో ప్రసార హక్కులు కొన్న ఐటీవీ డిజిటల్ సంస్థ కుప్పకూలినప్పుడు ఫుట్‌బాల్ లీగ్‌కు రావలసిన 17.85 కోట్ల పౌండ్లు ఆవిరయ్యాయి, క్లబ్బులు మళ్లీ గేటు వైపే చూశాయి. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్టుకు నిరసనగా లివర్‌పూల్ అభిమానులు 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు, యజమానులు వెనక్కి తగ్గారు. అదే ఏడాది మొదలైన సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్ అతిథి అభిమానుల టికెట్టును 30 పౌండ్లకు కట్టడి చేసింది. కింది డివిజన్లకు అలాంటి కట్టడి లేదు. నాలుగో అంచె మ్యాచ్‌కు ఇటీవలి సంవత్సరాల్లో పెద్దవాళ్ల టికెట్టు సాధారణంగా 20–25 పౌండ్లు. అంటే పేరుమోసిన మైదానంలో కూర్చునే అతిథికీ, అక్రింగ్టన్ మెట్లమీద వానలో నిలబడే మనిషికీ మధ్య తేడా ఆటలో ఉన్నంత ధరలో లేదు.

ధర తగ్గించి చూసినవాళ్లు లేకపోలేదు. నాలుగో అంచెకు పడిపోయిన బ్రాడ్‌ఫర్డ్ సిటీ 2007లో సీజన్ టికెట్టు 138 పౌండ్లకు ఇచ్చింది. 23 మ్యాచ్‌లకు ఒక్కోటి ఆరు పౌండ్లు. సగటున 13 వేలకు పైగా జనం వచ్చారు, ఆ అంచెలో అది అపురూపం. 2015లో 149 పౌండ్లకు అమ్మితే సీజన్ టికెట్లు 18 వేలు దాటాయి. ఈ కిటుకు వెనుక పాతిక వేల కుర్చీల మైదానం ఉందని గమనించాలి. ఖాళీ కుర్చీని ఆరు పౌండ్లకు అమ్మినా లాభమే. అయిదు వేలమంది పట్టే అక్రింగ్టన్‌లో ధర సగం చేస్తే నష్టం పూడ్చడానికి రెట్టింపు జనం నిలబడే చోటే లేదు. గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నందుకు అలిగినవాళ్లు 2005లో పెట్టుకున్న ఎఫ్‌సీ యునైటెడ్ మరో దారి తొక్కింది. 2009 నుంచి కనీస మొత్తం దాటి ఎవరికి తోచినంత వాళ్లు సీజన్ టికెట్టుకు ఇవ్వొచ్చు. అక్కడ క్లబ్బు యజమానులు అభిమానులే.

మూడో దారి యజమాని జేబు. బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2010 నవంబర్‌లో కొన్న వెంకీస్ కోళ్ల వ్యాపార సంస్థ, తెలుగువాడైన బండ వాసుదేవరావు స్థాపించినది. 1888 నాటి వ్యవస్థాపక క్లబ్బుల్లో ఒకటి ఇలా పుణె నుంచి నడిచే సంస్థ చేతికి వచ్చింది. రెండో అంచెలో కొన్ని క్లబ్బుల జీతాలే మొత్తం ఆదాయాన్ని మించిపోతాయి, ఆ తేడా ఎంత టికెట్టు పెంచినా పూడదు, యజమాని పెట్టుకోవాల్సిందే.

2020–21 సీజన్‌లో కరోనా వల్ల చాలావరకు మ్యాచ్‌లు ఖాళీ మైదానాల్లో జరిగాయి. డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్ మూడు, నాలుగు అంచెల క్లబ్బులకు 5 కోట్ల పౌండ్ల సాయం ఒప్పుకుంది. 1983లో ఆగిన పంపకం ఒకసారికి వేరే పేరుతో తిరిగొచ్చినట్టయింది. 2025 జులైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పాలనా చట్టం మొదటి అయిదు అంచెల క్లబ్బులకు స్వతంత్ర నియంత్రణ సంస్థను తెచ్చింది. టికెట్టు ధరలపై అభిమానులను సంప్రదించడం క్లబ్బుల బాధ్యత అయింది. ధరకు పై హద్దు గానీ కింది హద్దు గానీ చట్టం పెట్టలేదు.