ఉద్యోగం మానేశాక మన చేతులు కట్టేయొచ్చా? సెక్షన్ 27 కథ



గూడేల నుంచి చదువుకుని హైదరాబాద్, వైజాగ్ కంపెనీల్లో చేరుతున్న మొదటి తరం మనది. చేరిన రోజే కట్టెడు కాగితాలు ముందు పెడతారు. వాటిలో ఒక షరతు ఉంటుంది: ఉద్యోగం మానేశాక ఇన్నేళ్లు ఇదే వ్యాపారం పెట్టకూడదు, పోటీ కంపెనీలో చేరకూడదు అని. దీన్నే నాన్-కంపీట్ అంటారు. సంతకం పెట్టేశాం కదా అని సొంత పని మొదలుపెట్టడానికే జంకేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల కోసమే ఈ పోస్టు.

ఈ తగువు పాతదే. 1414లో ఇంగ్లాండులో ఒక అద్దకం పనివాడు ఆరు నెలలు ఆ ఊళ్లో తన పని చేయనని రాసిచ్చాడు. కేసు కోర్టుకెక్కితే జడ్జి మండిపడింది రాయించుకున్నవాడి మీద! తర్వాత ఇంగ్లాండు కోర్టులు మెత్తబడి, షరతు సమంజసంగా ఉంటే చెల్లుతుందన్నాయి. మనకు 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టం మాత్రం ఆ దారి పట్టలేదు. చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదని సెక్షన్ 27లో రాసేశారు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు.

1874లో కలకత్తా ఇత్తడి సామాన్ల వ్యాపారుల కేసు వచ్చింది. డబ్బిస్తాను, నీ కొట్టు మూసెయ్ అన్నాడొకడు. రెండోవాడు మూశాడు, డబ్బు రాలేదు. కోర్టుకు పోతే ఒప్పందమే చెల్లదన్నారు. కొంతకాలమో, ఒక పేటలోనో ఆపినా అది ఆపడమే అని హైకోర్టు తేల్చింది.

1967లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ఒప్పుకున్న ఉద్యోగ కాలంలో పోటీ కంపెనీకి పని చేయొద్దనే షరతు చెల్లుతుంది. 1980లో ఇంకో కేసు. కంపెనీ తీసేసిన ఢిల్లీ బ్రాంచి మేనేజరు అక్కడే అదే వ్యాపారం పెట్టుకున్నాడు. రెండేళ్లు పెట్టొద్దనే షరతు చూపించినా కోర్టు అతన్ని ఆపలేదు. మానేశాక ఆపే షరతు సెక్షన్ 27 ప్రకారం చెల్లదని జస్టిస్ ఎ.పి. సేన్ విడిగా రాశారు.

అయితే జాగ్రత్త. పాత కంపెనీ రహస్యాలు, కస్టమర్ల లిస్టు ఎత్తుకెళ్తే సెక్షన్ 27 కాపాడదు. బాండు సంగతీ వేరు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక బ్యాంకు బాండును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

మన తాతలు చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేశారు. వెట్టి, భాగేలా పేర్లెత్తి నిషేధించే కేంద్ర చట్టం 1976కి గానీ రాలేదు. మనకు చదువొచ్చింది కాబట్టి చదివే సంతకం పెడదాం. నోటీసు వస్తే బెదరొద్దు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్ని ఇస్తారు. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ మాట చేరవేయండి.