కట్లపాము ప్రోబ్ నుంచి టీబీ సీసా దాకా

నాంపల్లి స్టేషన్‌లో దిగి గాంధీ భవన్ వైపు నడిస్తే గృహకల్ప బిల్డింగ్ వస్తది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ, అంటే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, కొన్నేళ్లు అక్కడే నడిచింది. బిడ్డకు తండ్రి ఎవరు, శవం ఎవరిది అని కోర్టులు అడిగితే తేల్చి చెప్పే చోటు అది. దీనికి పునాది 1988 ప్రాంతంలో సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారు వేసిండ్రు. ఆయన వాడిన ప్రోబ్ కట్లపాము జాతి డీఎన్ఏ నుంచి వచ్చింది. మనం చూస్తే కర్ర తీసుకునే పాము!

మనుషులను గుర్తుపట్టినట్టే బ్యాక్టీరియాను కూడా పట్టొచ్చు. ఇది మనకెందుకంటే, టీబీ.

తెమడను గుడ్డు కలిపిన ఆకుపచ్చ మీడియం మీద పెంచుతరు. టీబీ క్రిమి రెండుగా చీలడానికి సుమారు 20 గంటలు పడతది, అందుకే రిజల్ట్‌కు వారాలు ఆగాలి. వేరే బ్యాక్టీరియా పడితే నాలుగు రోజుల్లోనే సీసా నిండుతది, ల్యాబ్ వాళ్లు పారేస్తరు. దాని పేరు కావాలంటే 16ఎస్ జీన్ చదివితే సరిపోతది. 1977లో కార్ల్ వోస్ ఈ రైబోజోమ్ వరుసలతోనే జీవుల చుట్టరికం కట్టిండు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకరి టీబీ క్రిమి, అందరికీ వాడే ద్రావణం సీసా ద్వారా, పక్కవాళ్ల శాంపిల్‌లో పడితే? రెండూ టీబీయే, కంటికి తేడా లేదు. జబ్బు లేని మనిషి ఆరు నెలలు మందులు మింగాలి, కూలికి పోలేడు, ఊర్లో దూరం పెడతరు.

దీన్ని పట్టడానికి ఐఎస్6110 అనే డీఎన్ఏ ముక్క దొరికింది. ఇది క్రిమి జీనోమ్‌లో ఎన్నిచోట్ల, ఎక్కడెక్కడ ఉందో గీతలుగా కనబడతది. 1993లో ప్రపంచమంతా ఒకే పద్ధతిలో చేసేలా నియమం పెట్టిండ్రు. ఒకేరోజు చేసిన రెండు శాంపిళ్ల గీతలు అచ్చం ఒకటే అయితే, ఆ మనుషులకు ఏ సంబంధం లేకపోతే, కలుషితం అని అనుమానించాలి.

కానీ ఆ నియమం మన దక్షిణాదిలో తడబడింది. ఇక్కడి క్రిముల్లో చాలావాటికి ఆ ముక్క ఒక్కటే ఉంటది, కొన్నింట్లో అసలే ఉండదు. అందరికీ ఒకే గీత ఉంటే ఎవరిది ఎవరికి అంటిందో ఎట్ల చెప్తం? ప్రపంచ నియమం అంటే అన్నిచోట్లా పనికొస్తదని కాదు. అందుకే 1997లో వచ్చిన స్పాలిగోటైపింగ్, తర్వాత మిరు పద్ధతి ఇక్కడ ఎక్కువ పనికొచ్చినయి. 1998లో టీబీ జీనోమ్ మొత్తం, 44 లక్షల అక్షరాలు, బయటికి వచ్చింది. ఇప్పుడు అక్షరం అక్షరం పోల్చొచ్చు.

మీ ఇంట్లో ఎవరికైనా మైక్రోస్కోప్‌లో నెగెటివ్ వచ్చి, ఒక్క కల్చర్‌లోనే, అదీ రెండు మూడు కాలనీలే పాజిటివ్ వస్తే, మందు ఆపకుండ్రి. డాక్టర్‌ను మాత్రం అడగుండ్రి: ఆరోజు అదే బ్యాచ్‌లో గట్టి పాజిటివ్ శాంపిల్ ఉండెనా, ఇంకోసారి తెమడ పంపొచ్చా అని.