నూనె నిండుకొన్న రాత్రి

ప్రియ చదువరీ, నేడు శస్త్రవైద్యుడు తెగిన రక్తనాళమును దారముతో ముడివేయుట సామాన్యమైన పని. పూర్వము అట్లు కాదు. కాలో చేయో తీసివేయవలసి వచ్చినప్పుడు, ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో గాయమును కాల్చి రక్తమును ఆపుచుండిరి. ఈ మార్పునకు దారి చూపినవారిలో ముఖ్యుడు అంబ్రోయిజ్ పారే అను ఫ్రెంచి దేశస్థుడు.

ఆయన సుమారు 1510లో జన్మించెను. ఆ దినములలో గడ్డము గీయుట, గాయములు కట్టుట ఒకే వృత్తివారి పనులు. పారే ఆ వృత్తిలోనే శిక్షణ పొందెను. విద్వాంసుల భాషయైన లాటిను ఆయనకు రాదు. పారిస్‌లోని ఓతెల్-ద్యూ ఆసుపత్రిలో రోగుల మంచముల ప్రక్కనే ఆయన విద్య నేర్చెను.

1537లో ఆయన ఫ్రెంచి సైన్యముతో ఇటలీలోని ట్యూరిన్‌కు వెళ్లెను. తుపాకి గాయములో మందుగుండు విషము చేరుననియు, మరుగుచున్న నూనె పోసినగాని అది విరుగదనియు అప్పటి గ్రంథముల బోధ. పారే అట్లే చేయుచుండగా నూనె నిండుకొనెను. మిగిలిన క్షతగాత్రులకు గ్రుడ్డు పచ్చసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి పూసి కట్టు కట్టెను. వారు విషమెక్కి చనిపోవుదురేమోయని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. వేకువనే లేచి వెళ్లి చూచెను. నూనె పోయించుకొన్నవారు జ్వరముతోను వాపుతోను మూల్గుచుండిరి. తక్కినవారు అంతగా బాధ లేక రాత్రి నిద్రించిరి. ఇక ఏ గాయమును అట్లు కాల్చనని ఆయన నిశ్చయించుకొనెను.

నూనె అయిపోవుట ఎవరికైనను సంభవించును. వేకువనే లేచి చూచుటయు, చూచినదానిని దాచక చెప్పుటయు పారే గొప్పతనము. 1545లో ఆ సంగతిని తనవంటి సామాన్య శస్త్రకారులు చదువుకొనునట్లు ఫ్రెంచి భాషలోనే గ్రంథముగా ప్రకటించెను. 1552లో యుద్ధభూమిలో ఒకని కాలు తీసివేసినప్పుడు ఇనుముతో కాల్చక రక్తనాళములను ముడివేసెను. 1575లో ఆయన రచనలన్నియు కలిసి వెలువడగా పారిస్ వైద్య విద్వాంసులు ఆక్షేపించిరి. అయినను 1582లో ఆ రచనలే లాటినులోనికి అనువదింపబడెను!

ఆయన అన్నియు సాధించెనని కాదు. గాయములు చీముపట్టుట మానలేదు. దానికి జోసెఫ్ లిస్టరు 1867లో తన పద్ధతిని ప్రకటించువరకు రోగులు వేచియుండవలసి వచ్చెను. అయినను నేటి వైద్యవిద్యార్థి రోగి మంచము ప్రక్కన నిలిచి, చేసిన చికిత్స ఫలితమును మరునాడు పరీక్షించి, మేలైనను కీడైనను వ్రాసి పెట్టుట నేర్చుకొనునప్పుడు, పారే నడచిన త్రోవనే నడచుచున్నాడు.

నలుగురు రాజులకు సేవచేసి 1590లో మరణించిన ఈ వైద్యుడు, గాయమునకు కట్టు కట్టుట మాత్రమే తన పని యనియు, స్వస్థపరచువాడు దేవుడే యనియు చెప్పుచుండెడివాడు.

చదువరీ, పెద్దలు చెప్పిరని మనమును మేలనుకొని ఎవరి గాయముమీదనో మరిగిన నూనె పోయుచుండవచ్చును. వేకువనే లేచి, వారెట్లున్నారో వెళ్లి చూచుదమా?