ప్రాఙ్న్యాయం: ఒకే వివాదంపై రెండో దావా

వాది తన ఆరోపణను చెప్పుకొన్న తరువాత ప్రతివాది ఇవ్వదగిన ఉత్తరాలు నాలుగని ధర్మశాస్త్రకారులు నిర్ణయించారు. ఆరోపణను అంగీకరించడం సత్యం, కాదనడం మిథ్య, అప్పు తీసుకొన్న మాట నిజమేగాని తీర్చివేశానని కారణం చూపడం ప్రత్యవస్కందనం, ఈ విషయంలోనే నీవు నాతో వాదించి ఇదివరకే ఓడిపోయావని చెప్పడం ప్రాఙ్న్యాయం. ప్రాక్, న్యాయ శబ్దాల సంధితో ఏర్పడిన ఈ పారిభాషిక పదాన్ని వ్యవహార ప్రకరణాలు చదివినవారు ఎరుగుదురు. నేటి న్యాయవాదులు మాత్రం దాదాపు ఇదే భావానికి రెస్ జుడికేటా అనే లాటిన్ మాటను వాడుతున్నారు. రెండు మాటలూ ఒక్క అర్థాన్నే చెబుతున్నాయా అన్నది పరిశీలించదగిన విషయం.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో కేతన దానిని ఆధారం చేసుకొని విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యాలలో వ్రాయడంతో వ్యవహారశాస్త్రం తెలుగు సాహిత్యంలో ప్రవేశించింది. ప్రాఙ్న్యాయానికి మితాక్షర కాత్యాయనుని ప్రమాణంగా చూపుతుంది. న్యాయబద్ధంగా ఓడినవాడు మళ్ళీ అదే అభియోగాన్ని వ్రాయిస్తే, నీవు పూర్వమే జితుడవయ్యావని వానికి బదులు చెప్పాలన్నది కాత్యాయనుని అభిప్రాయం.

అయితే బదులు చెప్పినంత మాత్రాన చాలదు. ప్రతివాది మిథ్యోత్తరం ఇస్తే రుజువు భారం వాదిది. ప్రాఙ్న్యాయం చెబితే ఆ భారం ప్రతివాదిదే. పూర్వ నిర్ణయాన్ని అతడు జయపత్రంతోగాని, ఆనాడు తీర్పు చెప్పిన ప్రాడ్వివాకాదుల చేతగాని నిరూపించుకోవాలి. జయపత్రమంటే వాదంలో నెగ్గిన పండితుని చేతిలోని బిరుదుపత్రమే సాహిత్య పాఠకునికి ముందుగా స్ఫురిస్తుంది. స్మృతులలోని జయపత్రం అంతకంటె బరువైనది. వాది పక్షం, ప్రతివాది ఉత్తరం, చూపిన సాక్ష్యం, చివరికి నిర్ణయం అన్నీ అందులో ఉండాలి. ఎవరు గెలిచారన్న ఒక్క వాక్యం వల్ల, ఏ విషయం తేలిందో తరువాతి సభకు తెలియదు గదా.

పెండింగులో ఉన్న వివాదానికి కూడా యాజ్ఞవల్క్యుడు ఒక కట్టు పెట్టాడు. తనపై వచ్చిన అభియోగాన్ని తీర్చుకోకుండా ప్రతివాది వాదిపై ఎదురు అభియోగం చేయకూడదు. ఒకని అభియోగంలో ఉన్నవానిపై మరొకడు అభియోగం తేకూడదు. కలహ, సాహసాలకు మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ ఎదురు అభియోగం చెల్లుతుంది.

ముగిసిన వివాదాన్ని తిరగదోడే దారిని స్మృతికారులు పూర్తిగా మూసివేయలేదు. బలప్రయోగంతోనో మోసంతోనో జరిగిన వ్యవహారాలను రాజు రద్దు చేయాలి. తప్పు తీర్పు అని తేలితే మళ్ళీ విచారించి, గెలిచినవానికీ సభ్యులకూ రెట్టింపు దండం విధించాలి. ఓడినవాడు ఓడలేదని పట్టుబట్టి వచ్చి మళ్ళీ ఓడితే రెట్టింపు దండం వానిదే. అంటే రెండోసారి వాదించడం నిషిద్ధం కాదు, ఖరీదైనది. సభ్యులను కూడా దండార్హులను చేయడం ఈ ఏర్పాటులోని విశేషం. ఆధునిక చట్టానికి అంత ధైర్యం లేదు.

ఈస్టిండియా కంపెనీ కోర్టులతో భాష మారింది. బెంగాల్ 1793 నాటి 3వ రెగ్యులేషన్, అధికారం గల జడ్జి పూర్వం తీర్మానించిన వ్యాజ్యాన్ని స్వీకరించవద్దని జిల్లా కోర్టులను ఆదేశించింది. 1859 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 2వ సెక్షన్ ఆ నిషేధాన్నే కొనసాగించింది. 1877 కోడ్ ముగిసిన దావాను, నడుస్తున్న దావాను వేరు చేసి రెండు సెక్షన్లు వ్రాసింది. అవే 1908 కోడ్‌లో 11, 10 సెక్షన్లుగా నేటికీ అమలులో ఉన్నాయి. స్మృతిలో ప్రాఙ్న్యాయం ప్రతివాది నోట పలికే ఉత్తరం; కోడ్‌లో అది కోర్టు చేతులు కట్టే ఆజ్ఞ. వాక్యంలో కర్త మారాడు. ఈ మార్పును గమనించకుండా రెండింటినీ ఒకటిగా చెప్పడం తొందరపాటే.

1916లో షివ్‌పర్సన్ సింగ్ వ్యాజ్యంలో తీర్పు చెబుతూ ప్రీవీ కౌన్సిల్ ఈ సంబంధాన్ని ప్రస్తావించింది. ఈ సూత్రం చట్టంలోకి ఇంగ్లీషు మూలం నుంచి వచ్చిందనుకొన్నా హిందూ వ్యాఖ్యాతల ధోరణికి విరుద్ధం కాదని, విజ్ఞానేశ్వరుడు, నీలకంఠుడు కాత్యాయనుని ఆధారంగా దీనిని చెప్పారని సర్ లారెన్స్ జెంకిన్స్ పేర్కొన్నాడు. ఆ మాట విరోధం లేదని చెప్పిందే తప్ప అభేదాన్ని స్థాపించలేదు. అయినా ఆచరణలో పాత లక్షణం పూర్తిగా పోలేదనాలి. రెస్ జుడికేటాను ప్రతివాది తన జవాబులో స్పష్టంగా లేవనెత్తాలనీ, పూర్వ తీర్పుతోపాటు ఆ దావాలోని వాద ప్రతివాద పత్రాలను కూడా దాఖలు చేయాలనీ కోర్టులు కోరుతూనే ఉన్నాయి. జయపత్రంలో నాలుగు అంగాలూ ఉండాలన్న నియమానికి కారణమేదో దీనికీ అదే కారణం.

10వ సెక్షన్ సంగతి వేరు. అదే కక్షిదారుల మధ్య అదే వివాదాంశం ముందు దావాలో నడుస్తుంటే తరువాతి దావా విచారణ ఆగాలి. ఆ దావా కొట్టివేతకు గురికాదు. వేయడం తప్పు కూడా కాదు. ఆసన్‌సోల్‌లో ఒకటి, ఇందోర్‌లో మరొకటి నడిచిన భాగస్వామ్య వివాదంలో (మనోహర్‌లాల్ చోప్రా వ్యాజ్యం) వెనుక వచ్చిన ఇందోర్ దావాలోని కోర్టు, ఆసన్‌సోల్ దావాను నడపవద్దని వాదికి ఇంజంక్షన్ ఇచ్చింది. ఒప్పందానికి విరుద్ధంగా, వేధించడానికే ముందు దావా వేశారన్నది ఆ కోర్టు ముందుంచిన వాదం. సుప్రీంకోర్టు ఆ ఇంజంక్షన్‌ను నిలబెట్టలేదు. 10వ సెక్షన్‌లో అటువంటి మినహాయింపు లేదన్నది. యాజ్ఞవల్క్యుని నియమం అభియోక్తను ఆపింది. ఇక్కడ ఆగవలసింది వెనుకటి దావాను విచారించే కోర్టు.

విదేశీ కోర్టులో దావా నడుస్తున్నంత మాత్రాన ఇక్కడి దావా ఆగదని అదే సెక్షన్ వివరణ చెబుతుంది. ఈ ఖాళీలో తెలుగు కుటుంబాల వివాదాలు కూడా పడ్డాయి. 1975లో తిరుపతిలో జరిగిన ఒక వివాహానికి సంబంధించి భర్త 1978లో తిరుపతి సబ్‌కోర్టులో విడాకుల పిటిషన్ వేశాడు. అది ఉండగానే అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మరొకటి వేసి 1980లో డిక్రీ పొందాడు. ఆ డిక్రీని చూపి తిరుపతి పిటిషన్‌ను తానే కొట్టివేయించుకొని మళ్ళీ వివాహం చేసుకొన్నాడు. భార్య ద్వివివాహ నేరంపై ఫిర్యాదు చేయగా, మిస్సోరీ తీర్పు నకలే అతని ప్రాఙ్న్యాయమయింది. మేజిస్ట్రేటు దానిని నమ్మి విడుదల చేశాడు. ఫొటోస్టాట్ ప్రతి సాక్ష్యం కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 1991లో సుప్రీంకోర్టు లోపం ఫొటోస్టాట్ కావడంలో లేదని, సాక్ష్యచట్టం కోరిన ధ్రువీకరణ లేకపోవడంలో ఉందని సవరించింది. అంతటితో ఆగక, ఏ చట్టం కింద వివాహం జరిగిందో ఆ చట్టం ఒప్పుకోని కారణంపై, అధికారం లేని కోర్టు ఇచ్చిన డిక్రీ భార్యను బంధించదని తీర్మానించింది. ఫిర్యాదు విచారణ కొనసాగవలసి వచ్చింది.