బరువు సరిగ్గానే ఉన్నా కొవ్వు ఎక్కువే: యువతలో ఆక్సీకరణ ఒత్తిడి కథ

ఉక్కు కర్మాగారంలో పని కోసం దేశం నలుమూలల నుంచి జంషెడ్‌పూర్ చేరినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఫర్నేస్ దగ్గర చెమటోడ్చిన తరానికి, కంప్యూటర్ ముందు కూర్చునే తరానికి ఒంటి శ్రమలో చాలా తేడా ఉంది. సిద్ధగోరా లాంటి కాలనీల్లో పెరిగిన పాతికేళ్ల కుర్రాళ్లలో చాలామంది లావుగా కనిపించకపోవచ్చు. అయితే బరువు చూసే మిషన్ ఒంట్లో కొవ్వెంతో చెప్పదు.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 2004లో 'లాన్సెట్'లో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. భారతీయుల్లో తరచూ కనిపించే ఈ తీరునే 'సన్నటి కొవ్వు శరీరం' అంటున్నారు.

ఆక్సీకరణ ఒత్తిడి అంటే?

కణాలు ఆహారాన్ని శక్తిగా మార్చేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. వాటిని అదుపు చేసే యాంటీ ఆక్సిడెంట్ వ్యవస్థ శరీరంలోనే ఉంది. ఫ్రీ రాడికల్స్ ఉత్పత్తి ఆ వ్యవస్థ శక్తిని మించిపోతే కణాల్లోని కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్ఏ దెబ్బతింటాయి. ఈ స్థితికి 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అనే పేరును 1985లో ప్రాచుర్యంలోకి తెచ్చినవారు జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్.

కొవ్వుతో లంకె ఎక్కడ?

కొవ్వు కణం నిండేకొద్దీ ఉబ్బుతుంది. అక్కడికి రోగనిరోధక కణాలు చేరి వాపు మొదలవుతుంది. పొట్ట లోపల అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు ఈ విషయంలో మరింత ప్రమాదకరం. 2004లో జపాన్ పరిశోధకులు స్థూలకాయ ఎలుకల కొవ్వు కణజాలంలో ఫ్రీ రాడికల్స్ పుట్టించే ఎంజైమ్ చురుగ్గా ఉందని గుర్తించారు. దాన్ని అడ్డుకున్నప్పుడు చక్కెర, కొవ్వుల స్థాయులు మెరుగయ్యాయి. మనుషుల్లోనూ ఈ సంబంధం కనిపించింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో భాగంగా 2,828 మందిని పరిశీలించగా, బీఎంఐ ఎక్కువున్నవారి మూత్రంలో ఆక్సీకరణ నష్టాన్ని సూచించే పదార్థం ఎక్కువగా ఉంది. అయితే ఇలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపుతుందే తప్ప, ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చదు.

ఇన్సులిన్ పని మందగించడం ఈ దారిలోనే మొదలవుతుంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే తొలి దశలో జార్ఖండ్ కూడా ఉంది. 20 ఏళ్లు దాటినవారిలో మధుమేహం 5.3 శాతం మందికి ఉండగా, దానికి ముందు దశ 8.1 శాతం మందిలో కనిపించింది. అంటే జబ్బు పడినవారి కన్నా, ఆ అంచున ఉన్నవారే ఎక్కువ. అలవాట్లు మార్చుకుంటే వెనక్కి రాగలిగే దశ కూడా ఇదే.

మాత్రలతో సరిపోతుందా?

యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగితే చాలనుకోవడం తొందరపాటు. 2009లో జర్మనీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, కొందరికి సి, ఈ విటమిన్లు ఎక్కువ మోతాదులో ఇచ్చారు. ఇన్సులిన్ పనితీరు మెరుగైంది విటమిన్లు వేసుకోనివారిలోనే. వ్యాయామ సమయంలో కొద్దిగా పుట్టే ఫ్రీ రాడికల్స్ శరీర రక్షణను మేల్కొలిపే సంకేతాలు కూడా అని దీనివల్ల అర్థమైంది. కూరలు, ఆకుకూరలు, పప్పులు, పండ్లు తినడం వేరు; మాత్రలు వేరు.

ఏం చూసుకోవాలి?

ఆక్సీకరణ ఒత్తిడి పరీక్షలు ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. ఇంట్లో ఓ టేపు ఉంటే చాలు. ఊపిరి మామూలుగా వదిలి, కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో కొలవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. భారతీయులకు బీఎంఐ 23 నుంచే అధిక బరువు కింద లెక్క. నడుము కొలత పెరుగుతుంటే, బరువు మారకపోయినా రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది.