పాలబువ్వతో పెరుగని పిల్లికూన

తెలుగునాట పిల్లిని, పాలను విడదీసి చెప్పుట కష్టము. కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి మన సామెతలలోనికి కూడ ఎక్కినది. తల్లి లేని పిల్లికూన ఇంటికి చేరినచో పిల్లలు మొదట చేయు పని, మూకుడులో ఆవుపాలు పోసి, అందులో ఇంత అన్నము మెదిపి దాని ముందుంచుట. కూన ఆత్రముగా నాకును, పొట్ట ఉబ్బును, కాని పది దినములు గడచినను వీపెముకలు చేతికి తగులుచునే యుండును. కడుపు నిండుచున్నను బరువు పెరుగకుండుటకు కారణమేమి? చూచుటకు చిన్నదైన ఈ ప్రశ్నకు చక్కని సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు సుమారు అర్ధ శతాబ్దము పట్టినది.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధములో పోషణశాస్త్రము ముఖ్యముగా ఎలుకలపైన, కుక్కలపైన, కోడిపిల్లలపైన జరిగిన పరీక్షలతో వృద్ధి చెందినది. ఎలుకకు చాలిన ఆహారము పిల్లికిని చాలుననియు, పిల్లి యనగా ఒక చిన్న కుక్క వంటిదేననియు చాలమంది తలచిరి. ఈ భావము సరికాదని చెప్పుటకు తొలి సూచనలు అమెరికాలో దొరకినవి. కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రాన్సిస్ పాటెంజర్ అను వైద్యుడు 1932 మొదలు పదేండ్లపాటు కొన్ని వందల పిల్లులను పెంచెను. పచ్చిమాంసము తినిన పిల్లుల సంతతి బాగుగా పెరిగినది. ఉడికించిన మాంసము తినిన వాని సంతతి తరతరమునకు క్షీణించినది. ఉడికించుటచే ఏదో నశించుచున్నదని ఆయన తలచెను. కాని ఆ పదార్థమేదో తెలియలేదు. నేటి ప్రమాణములతో చూచినచో ఆ పరీక్షలలో లోపములు కలవు. కనుక వానిని ఒక సూచనగా మాత్రమే గ్రహింపవలెను.

తరువాత లండనులో పట్రీషియా స్కాట్ అను శాస్త్రజ్ఞురాలు పిల్లుల పోషణను క్రమపద్ధతిలో పరిశోధించెను. ఎముకలు లేని మాంసము మాత్రమే తినిన పిల్లులకు కాల్షియమ్, అయొడిన్ చాలవని ఆమె బృందము 1961లో ప్రకటించెను. మాంసములో భాస్వరము మెండు, కాల్షియమ్ కడు తక్కువ. వేటాడు పిల్లి ఎలుకను ఎముకలతో సహా తినుటచే ఆ లోటు తీరును. అనగా పాలబువ్వ యొక్కటే కాదు, వట్టి మాంసము కూడ కూనకు చాలదన్నమాట. 1964లో అదే బృందము, శుద్ధిచేసిన పదార్థములతో కూర్చిన ఆహారము తినుచు చూపు కోల్పోయిన పిల్లులను వర్ణించెను. ఆ చూపు ఎందుకు పోయినది?

సమాధానము ఒక పాత సీసాలో నున్నది. 1827లో జర్మనీలోని హైడెల్‌బర్గులో టీడెమన్, గ్మెలిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎద్దు పైత్యరసము నుండి ఒక తెల్లని స్ఫటికపదార్థమును వేరుచేసిరి. ఎద్దునకు గల లాటిన్ పేరును బట్టి దానికి టారిన్ అను పేరు వచ్చినది. పైత్యరసము తయారగుటకు తప్ప దీనికి గొప్ప ప్రయోజనము లేదని సుమారు నూటయేబది యేండ్లు భావింపబడినది. 1975లో అమెరికాలో కె. సి. హేస్, ఆయన సహచరులు పాలలోని కేసీన్ అను మాంసకృత్తును మాత్రమే పిల్లులకు పెట్టి చూచిరి. వాని రక్తములోను, కంటిలోని నేత్రపటలములోను టారిన్ తరిగిపోయి, ఆ పటలము క్షీణించినది. కారణము స్పష్టమైనది. ఎలుక తన శరీరములోనే తగినంత టారిన్‌ను తయారుచేసికొనగలదు. పిల్లి అట్లు చేసికొనలేదు. పైగా పైత్యరసముతో ప్రతిదినము కొంత పోగొట్టుకొనును. మాంసములో, చేపలలో టారిన్ సమృద్ధిగా నున్నది. ధాన్యములలో దాదాపు లేదు. ఆవుపాలలో మిక్కిలి స్వల్పము.

ఇంతలో మరొక రహస్యము బయటపడినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో జేమ్స్ మోరిస్, క్వింటన్ రోజర్స్ 1977-78 ప్రాంతమున పిల్లి కాలేయమును పరిశీలించిరి. మాంసకృత్తులు తక్కువైనపుడు ఎలుక కాలేయము వానిని దహించు ఎంజైములను తగ్గించి పొదుపు చేయును. పిల్లి కాలేయము ఆ పొదుపు ఎరుగదు. వంటచెరకు తరిగినను మంట తగ్గని పొయ్యి వంటిది అది. కనుక అన్నముతో కడుపు నింపిన కూన తన కండలనే కరగించుకొనును. ఆర్జినిన్ అను ఆమైనో ఆమ్లము లేని ఆహారము ఒక్క పూట తినినను, కొన్ని గంటలలోనే రక్తములో అమోనియా పేరుకొని పిల్లి ప్రమాదమున పడునని కూడ వారు చూపిరి.

న్యూయార్కులో జాన్ స్టర్మన్ బృందము 1980వ దశకమున మరియొక సంగతి తెలిపినది. తల్లి ఆహారములో టారిన్ లేనిచో కొన్ని కూనలు గర్భములోనే నశించును. మిగిలినవి తక్కువ బరువుతో పుట్టి మెల్లగా పెరుగును. 1987లో డేవిస్‌లోనే పాల్ పియన్, ఆయన సహచరులు పిల్లుల గుండె కండరము సాగి బలహీనమగు వ్యాధికి టారిన్ లోపమే కారణమనియు, టారిన్ ఇచ్చినచో అది నయమగుననియు నిరూపించిరి. ఆ పిల్లులు తినినది అంగడిలో దొరకు తయారీ ఆహారమే! అటుపిమ్మట తయారీదారులు అందులో టారిన్ పెంచిరి. ఆ వ్యాధి అరుదైనది.

ఈ చరిత్ర తెలిసినవారు బక్కచిక్కిన కూనను ఎట్లు పోషింపవలెను? మొదటిది తూకము. పుట్టిన కూన సుమారు 100 గ్రాములుండును. దినమునకు 10 నుండి 15 గ్రాములు పెరుగవలెను. పాఠశాలలోని త్రాసు దీనికి చాలును. బరువు పెరుగక నిలిచిపోయినను, తగ్గినను పశువైద్యునికి వెంటనే చూపవలెను. రెండవది వెచ్చదనము. చల్లబడిన కూన ఆహారమును జీర్ణించుకొనలేదు. మొదట దానిని మెల్లగా వెచ్చజేసి, పిదప పాలు పట్టవలెను.

మూడవది ఆహారము. ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు 3 శాతము. పిల్లిపాలలో అంతకు రెట్టింపుకు పైగా నుండును. ఆవుపాలు ఎక్కువైనచో విరేచనములు పట్టుకొని ఉన్న బరువు కూడ పోవును. కనుక పసికూనకు, కూనల కొరకే తయారైన పాలపొడిని కలిపి, బోర్ల ఉంచి, కొద్దికొద్దిగా పలుమార్లు పట్టవలెను. వెల్లకిల ఉంచినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నాలుగు వారములు దాటిన పిదప, కూనల కొరకు తయారైన సంపూర్ణాహారమును మెత్తగా తడిపి అలవాటు చేయవలెను. మాంసము వండని ఇండ్లకు ఇదియే సులభమైన మార్గము. చేపయో, కోడిమాంసమో ఉడికించి పెట్టువారు ఆ నీటిని పారబోయరాదు. టారిన్ నీటిలో కరగి అందులోనికి దిగును. పాటెంజర్ పిల్లులు పోగొట్టుకొనినది కొంతవరకు ఇదియే కావచ్చును.

నాలుగవది ఏలికపాములు. ఇవి తల్లిపాల ద్వారా కూడ కూనకు సోకును. వీపు బక్కచిక్కి, పొట్ట మాత్రము ఉబ్బియున్న కూనకు వైద్యుని సలహాతో, బరువును బట్టి మందు వేయింపవలెను.

విద్యార్థులు ప్రతిదినము ఒకే వేళకు కూనను తూచి, ఆ అంకెలను గళ్ళకాగితముపై గుర్తించిన యెడల రేఖ పైకి పోవుచున్నదో, పడిపోవుచున్నదో తెలియును. కూన నీరసించి కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే ఆ రేఖ అపాయమును చెప్పును. దానిని కాపాడుటకు దొరకు వ్యవధి ఆ రెండు దినములే.