బస్తర్‌లో మాట్లాడిన ఫోను: మందు చెప్పేదెవరు, లెక్క చూసేదెవరు?

"దేవుడు చెప్పాడు" అంటే రుజువేదని అడుగుతాం. "కంప్యూటర్ చెప్పింది" అంటే మాత్రం మనలోనే చాలామంది చప్పున తలూపేస్తారు. ఆరోగ్యం గురించి మనుషులతో మాట్లాడి అలవాట్లు మార్పించే యంత్రాలు ఇప్పుడు ఊరూరా వస్తున్నాయి. వీటి చరిత్రలో మన పొరుగున ఉన్న బస్తర్‌కి ఒక పేజీ ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' అనే ప్రోగ్రాం ప్రకటించాడు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాస్త బయటికి వెళ్ళమని ఆయన్నే అడిగిందట! వినే చెవి దొరికితే చాలు, అది ఎవరిదని మనిషి అడగడు.

బస్తర్‌లో సంగతి వేరు. అక్కడ గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడేవాళ్ళకి పత్రికల్లోనూ, రేడియోలోనూ వాళ్ళ భాషలో వార్తలు చాలా అరుదుగా ఉండేవి. 2010లో, పూర్వం బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. మిస్డ్ కాల్ ఇస్తే సర్వరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే మన మాట రికార్డు అవుతుంది, రెండు నొక్కితే ఇతరులవి వినొచ్చు. చేతిపంపు చెడిపోయిందనీ, కూలి డబ్బులు రాలేదనీ జనం చెప్పారు. ఆ ఫిర్యాదుల్లో కొన్నిటిపై అధికారులు కదిలారు కూడా. మంచి పని, సందేహం లేదు.

అయితే అదే ఫోన్లో నాటువైద్యులు చెట్టుమందులూ చెప్పారు. వాటికోసం 'స్వాస్థ్య స్వర' అని ప్రత్యేక విభాగమే వచ్చింది. చేతిపంపు బాగైందో లేదో వెళ్ళి చూడొచ్చు. ఫలానా ఆకు పసరుతో జ్వరం తగ్గిందా, దానంతటదే తగ్గిందా అన్నది అలా చూస్తే తేలదు. రెండూ ఒకే గొంతులో, ఒకే మర్యాదతో వినిపిస్తే వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

ప్రభుత్వం వైపునా ఇలాంటిదే ఉంది. 2016 జనవరిలో కేంద్రం 'కిల్కారీ' ప్రారంభించింది. గర్భిణులకి నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండేదాకా 72 ఫోన్ సందేశాలు వస్తాయి. మాట్లాడేది 'డాక్టర్ అనిత'. ఆవిడ కల్పిత పాత్ర! కానీ ఒక విషయంలో మెచ్చుకోవాలి, దీన్ని పరీక్షకి పెట్టారు. మధ్యప్రదేశ్‌లో సుమారు 5,000 మంది గర్భిణులని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి చూశారు. కేవలం తల్లిపాలే పట్టడంలో తేడా రాలేదు. కుటుంబ నియంత్రణ సాధనాల వాడకంలో కొద్దిపాటి పెరుగుదల కనిపించింది. గొప్ప ఫలితం కాదు, కానీ నిజాయితీ గల లెక్క.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 2024 సెప్టెంబరులో సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, అంటే మన సరిహద్దు పక్కనే, చేతబడి అనుమానంతో ఐదుగురిని కొట్టి చంపారు. చేతబడి చేస్తున్నారని ఆడవాళ్ళని హింసించకుండా ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచే 'టోనహీ' చట్టం ఉంది. జబ్బుకి కారణం తెలియని చోట మనిషే కారణమవుతాడు. 2020లో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమంలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేశారు. మొదటి విడతలో నూటికి 4.6 మందిలో మలేరియా బయటపడగా, తర్వాతి విడతల్లో అది ఒకటి లోపుకి వచ్చిందని ప్రభుత్వ లెక్క. ఇక్కడ పని చేసింది గొంతు కాదు, పరీక్షా మందూ.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల్లో రిటైరైనవాణ్ణి. ఓచర్ లేని ఖర్చుని ఎంత పెద్ద అధికారి సంతకం చేసినా ఒప్పుకోకూడదని మాకు నేర్పారు. మాట్లాడే యంత్రాన్నీ అలాగే మూడు ప్రశ్నలు అడగాలి. ఈ సలహా ఎవరిది? పరీక్షలో నిలిచిందా? తప్పైతే జవాబుదారీ ఎవరు? మూడోదానికి జవాబు లేని యంత్రం, ఎంత తీయగా గోండీ మాట్లాడినా, తెలుగు మాట్లాడినా, కొత్త రూపంలో వచ్చిన భూతవైద్యుడే.